అవి గొడ్డు పందులు కావు, ఆకలి పందులు



పోస్టు పెద్దదే. బస్సులో కూర్చుని చదవండి, రాత్రి హాస్టల్లో కరెంటు ఉన్నప్పుడు చదవండి, కానీ సగం చదివి కామెంట్ మాత్రం పెట్టొద్దు.

మొన్న ఈ గ్రూపులోనే ఒక అన్న రాశాడు. పందులిచ్చినా మనవాళ్ళు నిలబెట్టుకోలేకపోయారు, పండగకి కోసుకు తినేశారు, ఇక ఏ పథకం ఇచ్చినా ఇంతే అని. కింద చాలామంది అవును అవును అన్నారు. ఆ అన్న మీద మాకు కోపం లేదు. మాలో ఒకడికి కాలేజీ సీటొచ్చినప్పుడు సర్టిఫికెట్ల కోసం మూడు రోజులు వెంట తిరిగిన మనిషి ఆయన. కానీ అన్నా, ఆ మాట నీది కాదు. అది ఆఫీసు కాగితం మీద మాట. "లబ్ధిదారుల అవగాహన లోపం వలన ఆశించిన ఫలితం రాలేదు" అని వాళ్ళు రాసుకున్నారు. దాన్ని మనం తెచ్చుకుని మన నోటితో మన అమ్మలనే తిడుతున్నాం.

మేం అంటే ఒకే గదిలో ఉండే ముగ్గురం. ముగ్గురికీ ఇరవై ఏళ్ళు, ముగ్గురివీ మూడు ఊళ్ళు, మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ పథకం పందులు మాలో ఇద్దరి ఇళ్ళకి వచ్చాయి. కాబట్టి ఎక్కడో విన్నది కాదు, చూసింది రాస్తున్నాం. మాలో ఒకడు బీఎస్సీలో జువాలజీ చదువుతున్నాడు. లైబ్రరీలో పశుపోషణ పుస్తకాలు తెచ్చి ముగ్గురం కలిసి చదివాం. ఊరికొచ్చే పశువుల డాక్టరు గారిని కూడా వదలకుండా అడిగాం. పాపం ఆయన విసుక్కోకుండా చెప్పారు.

ముందు జరిగింది చెప్తాం.

మూడేళ్ళ కింద వానాకాలంలో తెల్ల పందులు వచ్చాయి. యార్క్‌షైర్ అన్నారు. ఇంటికి రెండు ఆడపిల్లలు, ఒక మగపిల్ల. మూడు నెలల వయసుంటుంది. వాటితోపాటు కొన్ని బస్తాల దాణా ఇచ్చారు, ఫోటో దిగారు, వెళ్ళిపోయారు. రెండు నెలలకి దాణా అయిపోయింది. తర్వాత అవి తిన్నది మన నాటు పందులు తిన్నదే. కుడితి, తవుడు, చోడి ఊక, పనస తొక్కలు. మన నాటు పంది అయితే పొద్దున్న వదిలితే అడవి అంచున దుంపలు తవ్వుకుని, వానపాములు, పురుగులు తిని సాయంత్రానికి కడుపు నింపుకుని వస్తుంది. తెల్ల పందిని మాత్రం పాక దాటనివ్వొద్దు, రోగాలొస్తాయి అని చెప్పి వెళ్ళారు. అంటే తవ్వుకునే తిండీ పోయింది, పెట్టే తిండీ లేదు.

ఆరేడు నెలలకి ఎదకి రావలసినవి పదో నెలకి వచ్చాయి. వచ్చీ రాగానే కట్టించేశాం. కట్టింది కూడా వాటితో పాటు వచ్చిన మగపందే, బహుశా ఒకే తల్లి పిల్లలు. సంతలో పందులు కొనే దళారి చూసి, ఒక్కోటి అరవై కిలోలు కూడా ఉండదన్నాడు. మొదటి ఈతకి ఒకటి ఐదు పిల్లల్ని పెట్టింది, ఒకటి నాలుగు. ఐదింట్లో రెండు తల్లి కిందపడి చచ్చాయి. పాలిచ్చే రెండు నెలల్లో తల్లి వెన్నుపూస లెక్కపెట్టేంత బక్కచిక్కిపోయింది. పిల్లలు విడిపోయాక మళ్ళీ ఎదకి రాలేదు. ఒక నెల చూశారు, రెండు నెలలు చూశారు. గొడ్డుపోయింది అన్నారు. ఇటుకల పండగ ముందు అమ్మేశారు. అన్న రాసిన "కోసుకు తినేశారు" అంటే ఇదీ.

ఇప్పుడు చెప్పండి, ఇందులో అవగాహన లేనిది ఎవరికి?

కోడెదూడకి ఒళ్ళు గట్టిపడకముందే కాడి వేస్తామా? వెయ్యం. ఆ మాట మన తాతలకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. ఇంకా ఈనని ఆడపంది కూడా అంతే. దాని ఒళ్ళు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కడుపులో పిల్లలు, తన ఒళ్ళు, రెండూ ఒకే కుడితి లోంచి రావాలి. ఈనిన తర్వాత పాలు మూడోది. తిండి తక్కువైతే అది తన ఒంట్లో కొవ్వు, కండ కరిగించి పాలిస్తుంది. పిల్లలు బతుకుతాయి, తల్లి ఖాళీ అవుతుంది. అందుకే తొలి ఈత తర్వాత ఎదకి ఆలస్యంగా రావడం, రెండో ఈతలో పిల్లలు తగ్గిపోవడం ప్రపంచంలో పందులు పెంచే ప్రతిచోటా ఉన్న సమస్యే. పెద్ద పెద్ద ఫారాల వాళ్ళకీ ఉంది. వాళ్ళకొస్తే దాన్ని పోషణ సమస్య అంటారు. మనకొస్తే గిరిజనుల అవగాహన లోపం అంటారు.

సరిగ్గా తిన్న ఆడపంది పిల్లలు విడిచిన వారం లోపు, నాలుగు నుంచి ఏడు రోజుల్లో, మళ్ళీ ఎదకి వస్తుంది. మన ఊళ్ళో రెండు నెలలు రాలేదంటే అది గొడ్డుపోవడం కాదు. ఒళ్ళు ఇంకో ఈత మోయలేను అని చెప్పడం.

తిండి ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అనేది పథకం ఇచ్చినవాళ్ళు చెప్పలేదు. దానికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు, ఇంటి గోడ మీద బొగ్గుతో రాసుకునేంతే ఉంది. ఎద 21 రోజులకోసారి వస్తుంది. మొదటి ఎదలో విడుదలయ్యే అండాలు తక్కువ, రెండో మూడో ఎదలో ఎక్కువ. అందుకే మొదటి ఎద వదిలెయ్యాలి. తెల్ల పంది, సంకర పంది అయితే ఎనిమిది నెలలు నిండి, నూరు కిలోల దగ్గర ఉంటే కట్టించొచ్చు. అప్పటిదాకా రోజుకి రెండు, రెండున్నర కిలోల మంచి దాణా. కట్టించాలనుకున్న ఎదకి ముందు పది నుంచి పద్నాలుగు రోజులు దానికి ఇంకో కిలో కలపాలి. అప్పుడు అండాలు ఎక్కువ విడుదలవుతాయి. కట్టించిన రోజు నుంచి మళ్ళీ రెండు కిలోలకి దించెయ్యాలి. చూడి పంది కదా అని ప్రేమతో మొదటి నెలలోనే కుక్కి పెడితే కొన్ని పిండాలు నిలవకపోవచ్చు, తర్వాత ఒళ్ళు కొవ్వెక్కి ఈనడం కష్టమవుతుంది, ఈనాక మేత సరిగ్గా తినదు. మన పెద్దలు "కొవ్వెక్కిన పంది కట్టదు" అంటారే, ఆ మాటలో నిజం ఉంది. కానీ మన ఊళ్ళో కొవ్వెక్కిన ఆడపందిని మేమైతే చూడలేదు!

చూడి మొత్తం 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తు పెట్టుకోండి. చివరి నెలలో కడుపులో పిల్లలు గబగబా పెరుగుతాయి, అప్పుడు మళ్ళీ ఒక కిలో పెంచాలి. ఈనిన తర్వాత మాత్రం లెక్కలు లేవు, ఎంత తింటే అంత. ఒక మోస్తరు లెక్క కావాలంటే తల్లికి రెండు కిలోలు, పాలు తాగే ఒక్కో పిల్లకి పావు కిలో పైన. నీళ్ళు రోజుకి ఇరవై లీటర్లకి తక్కువ కాకుండా. ఈ నీళ్ళ సంగతి రాస్తుంటే మా గదిలో ఒకడు నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో మనుషులకే ఊట గెడ్డ నుంచి బిందెలతో మోయాలి, పందికి ఇరవై లీటర్లు ఎవరు మోస్తారు అని. మోసేది ఎవరో మనకి తెలుసు. దాని దగ్గరికి వస్తాం.

ముందు ఆ పెంచిన తిండి కూడండి. కట్టించే ముందు పద్నాలుగు రోజులు ఒక్కో కిలో, పద్నాలుగు కిలోలు. చివరి నెల ముప్ఫై రోజులు ఒక్కో కిలో, ముప్ఫై. మొత్తం 44 కిలోలు. బస్తా కూడా నిండలేదు. పాలిచ్చేటప్పుడు ఇంకా కావాలి, కాదనడం లేదు. కానీ ఈ ఒక్క బస్తా దాణా సరైన రోజుల్లో పడి ఉంటే ఎక్కువ పిల్లలు పుట్టి ఉండేవేమో. సంతలో పాలు విడిచిన ఒక్క పందిపిల్ల ధర ఎంతో, బస్తా దాణా ఎంతో మీకే తెలుసు. వేల రూపాయల పందుల్ని లారీలో తెచ్చి దించినవాళ్ళు ఏడాది తర్వాత ఇంటికో బస్తా ఇవ్వలేకపోయారు. ఎందుకంటే పందుల్ని దించితే ఫోటో ఉంటుంది. పదకొండో నెలలో బస్తా ఇస్తే ఫోటోకి ఎవరొస్తారు?

జాతి ఇచ్చాం కదా అంటారు. జాతి అంటే ఏంటి? ఎక్కువ తింటే ఎక్కువ పిల్లల్ని పెట్టే శక్తి. తినకపోతే ఆ శక్తే దానికి శాపం. మన నల్ల నాటు పంది తక్కువ తిని తక్కువ పిల్లల్ని పెట్టి బతికేస్తుంది. తెల్ల పందికి ఆ విద్య రాదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు యార్క్‌షైర్ 75 శాతం, నాటు 25 శాతం కలిపి ఎస్‌వీవీయూ టీ-17 అనే రకం తీశారు. మన రాష్ట్రంలోనే ఉంది. అలాంటిది అడుగుదాం. అయినా ఏ రకం ఇచ్చినా తిండి లేకుండా ఇస్తే కథ మళ్ళీ ఇదే.

ఇంకో పథకం సంగతి కూడా చెప్పాలి. 2021 లో మార్చినప్పుడు జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ లో పందుల యూనిట్ అంటే 100 ఆడపందులు, 10 మగపందులు అన్నారు. సగం సబ్సిడీ, గరిష్ఠంగా 30 లక్షలు. చదివి మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన ఊళ్ళు మూడు కలిపినా వంద ఆడపందులు ఉండవు. మిగతా సగం బ్యాంకు అప్పుగానో సొంతంగానో తేవాలి. మన దగ్గర ఉన్నది అటవీ హక్కుల పట్టా. అది వారసులకి వస్తుంది, అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. అలా ఉండటమే మనకి రక్ష, అది పోవాలని మేం అనట్లేదు. కానీ ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్తే ఏం జరుగుతుందో ఈ గ్రూపులో వెళ్ళినవాళ్ళే చెప్పాలి. దేశంలో పందుల సంఖ్య 2012 నుంచి 2019 గణనకి 12 శాతం తగ్గి 90 లక్షల దగ్గర నిలిచింది. పెంచేది ఎక్కువగా మనలాంటి వాళ్ళే, ఇంటికి ఒకటీ రెండూ. ఆ ఒకటీ రెండూ పెంచేవాళ్ళకి ఏముంది మరి?

ఇంతదాకా ఆఫీసుని అన్నాం. ఇప్పుడు మనల్ని మనం అనుకోవాలి. లైకులు తగ్గినా పర్లేదు.

ఒకటి, బాగా పెరిగిన ఆడపిల్లని సంతకి తోలేస్తాం, ధర వస్తుందని. పెరగని గిడసబారిన దాన్ని ఇంట్లో ఉంచి దాన్నే కట్టిస్తాం. విత్తనం చోళ్ళు ఇలా తీస్తామా? మంచి కంకి పక్కన పెట్టి కట్టి, పొయ్యి మీద వేలాడదీస్తాం. పంది దగ్గరికి వచ్చేసరికి తిరగేసి చేస్తాం. బాగా పెరిగింది, పన్నెండుకి తక్కువ కాకుండా చన్నులున్నది, ఎక్కువ పిల్లల ఈతలో పుట్టింది, అది ఇంట్లో ఉండాలి. దానికి తోడబుట్టిన మగదాన్ని కాకుండా పక్క ఊరి పోతుని తేవాలి.

ఇంకోటి బూజు. వానాకాలంలో మొక్కజొన్న తడిసి బూజు పడితే, పారేయడం ఎందుకు, పందికే కదా అని వేస్తాం. మేమూ వేశాం. ఆ బూజులో ఒక రకం తయారుచేసే విషం ఆడపంది ఒంట్లో ఆడ హార్మోన్ లాగే పనిచేస్తుంది. ఎద రాకుండానే ఎద వచ్చినట్టు మర్మస్థానం ఎర్రగా వాస్తుంది. కట్టిస్తాం, నిలవదు. మళ్ళీ గొడ్డు అంటాం. పడుచు ఆడపందికే ఇది ఎక్కువ దెబ్బ. వేరుశెనగ చెక్క తడిస్తే దానిదీ వేరే బూజు, వేరే విషం. బూజు గింజ ఎవరికీ పెట్టొద్దు. పందికి కూడా.

అలాగే మనం తిండి అనుకునేది చాలావరకు పిండి పదార్థమే. కుడితి, తవుడు, చోడి, కర్రపెండలం. కడుపు నిండుతుంది, ఒళ్ళు కట్టదు. ఒళ్ళు కట్టాలంటే మాంసకృత్తులు కావాలి, అందులోనూ లైసిన్ అనేది గింజల్లో తక్కువ. ఉలవల్లో ఉంది, మన రాజ్మాలో ఉంది. సంతలో విరిగిన రాజ్మా చవకగా వస్తుంది, కానీ పచ్చిది పెడితే విషం, బాగా ఉడకాలి. కర్రపెండలం కూడా ఉడకబెట్టే పెట్టాలి. అరకు పొలాల్లో పసుపుపచ్చగా పూసిన వలిసెల ముందు ఊరోళ్ళు సెల్ఫీలు దిగి పోతారు కదా, ఆ గింజ నూనె తీశాక మిగిలిన చెక్క ఎంత మంచి దాణానో మనం అడగం. ఒక కలగలుపు చెప్తాం, డాక్టరు గారు సరే అన్నదే. పది కిలోలకి మొక్కజొన్న నూక నాలుగున్నర, తవుడు రెండున్నర, వేరుశెనగ చెక్క ఒకటిన్నర, ఉలవలు ఒకటీ పావు దాకా ఉడకబెట్టి, ఖనిజ లవణాల పొడి 200 గ్రాములు, ఉప్పు 50 గ్రాములు. మొక్కజొన్న బదులు కొంత చోడి వెయ్యొచ్చు.

త్రాసు లేదు, నూరు కిలోలు ఎలా తెలుస్తుంది అంటారా? టైలర్ టేపు చాలు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 69.3 తో గుణిస్తే సుమారు కిలోలు. చుట్టుకొలత 1.1, పొడవు 1.2 ఉంటే నూరు కిలోలు. పది పాసైన తమ్ముడు ప్రతి ఇంట్లో ఉన్నాడు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది. ఆ ఫోన్ దీనికీ వాడండి.

ఇక నీళ్ళు మోసేది ఎవరు అన్న మాట. ట్రైనింగ్ అని పిలిస్తే వెళ్ళింది మన నాన్నలు, బావలు. భోజనం పెట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు, అది ఇంట్లో గోడకి ఉంది. కుడితి కాచేది అమ్మ. ఎద వచ్చిందని ముందు కనిపెట్టేది అమ్మ. రాత్రి ఈనుతుంటే లాంతరు పట్టుకుని కూర్చునేది చిన్నమ్మ. వాళ్ళని ఒక్కరినీ పిలవలేదు, ఒక్క మాటా అడగలేదు. అవగాహన ఉన్నవాళ్ళని బయట నిలబెట్టి, లేనివాళ్ళకి భోజనం పెట్టి, చివరికి అవగాహన లోపం అని రాశారు.

మాలో ఒకరి చిన్నమ్మ కిందటేడు మేం చెప్పినట్టు చేసింది. నిజానికి సగం మేం చెప్పింది, సగం ఆమె మాకు చెప్పింది. తెల్లదానికీ నాటుకీ పుట్టిన ఆడపిల్లని అమ్మకుండా ఆపింది. ఇంట్లో గొడవైంది, ఆ డబ్బుతో అప్పు తీర్చాలని చిన్నాన్న. మొదటి రెండు ఎదలూ వదిలేసింది. మూడోదానికి ముందు రెండు వారాలు రోజూ ఒక తవ్వెడు ఉలవలు ఉడకబెట్టి కలిపింది. తొమ్మిది పిల్లలు పుట్టాయి, ఎనిమిది దక్కాయి. పాలు విడిచిన ఆరో రోజుకి మళ్ళీ ఎద. ఒక్క పందితో ఏదీ రుజువు కాదని మాకూ తెలుసు. కానీ అదే పాక, అదే ఊరు, అదే ఆమె. మారింది తొట్టిలో పడ్డదే.

కాలేజీలో మమ్మల్ని పందులోళ్ళు అన్నారు. మొదటి సంవత్సరం ఇంట్లో పందులున్నాయని చెప్పుకోలేదు, నిజం. ఆదివారం టౌన్లో పంది మాంసం కొట్టు దగ్గర ఆ అన్నవాళ్ళలో ఇద్దరు లైన్లో కనిపించారు. మా హాస్టల్లో మిగిలిన అన్నం డ్రమ్ముల్లో ఎవరో బయటి ఫారం వాళ్ళు పట్టుకుపోతారు, వాళ్ళ పందులకి. దాన్ని మన ఊళ్ళకి అడుగుదామా అని కూడా అనుకున్నాం. ఎంగిలి తిండి ఉడకబెట్టకుండా పెడితే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ రావచ్చు, వస్తే మందు లేదు, కాబట్టి తెచ్చినా కాచి పెట్టాలి. ఆ అన్నం పందుల్ని పెంచితే మాత్రం వ్యాపారం, మన అమ్మ పెంచితే వెనకబాటుతనం. ఈ లెక్క మాకు అర్థం కాలేదు.

ఈసారి మళ్ళీ పందులు ఇస్తారని, కాదు ఇక ఇవ్వరని రెండు మాటలూ వినిపిస్తున్నాయి. అందుకే అర్జీ రాశాం. అందులో అడిగింది ఇదే. తొలి ఈత పిల్లలు పాలు విడిచేదాకా దాణా ఇవ్వాలి. మగపంది వేరే చోటు నుంచి రావాలి. ట్రైనింగ్ ఆడవాళ్ళకి, మన ఊళ్ళోనే, మన భాషలో ఇవ్వాలి. ఇంటికి రెండు పందులకి కూడా అప్పు, బీమా ఉండాలి. పాత కాగితంలో ఆ "అవగాహన లోపం" అనే మాట కొట్టేసి, ఎన్ని నెలలు దాణా ఇచ్చారో అక్కడ రాయాలి.

వచ్చే సోమవారం గ్రీవెన్స్ కి తీసుకెళ్తున్నాం. పథకం పందులు వచ్చిన ఇళ్ళవాళ్ళు కింద ఊరి పేరు, ఎన్ని ఇచ్చారు, దాణా ఎన్ని రోజులు వచ్చింది, మొదటి ఈతకి ఎన్ని పిల్లలు, రెండోది ఈనిందా లేదా, ఇవి రాయండి. మీకు తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి అమ్మని అడగండి. నాన్నని కాదు. అన్నా, నువ్వు కూడా రావాలి, నీ బండి మీద ఇద్దరికి చోటుంటుంది.